మోకాలని సెప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నొప్పి ఎవరికి వచ్చినా దాన్ని డాక్టరుకు చెప్పే పెత్తనం మాత్రం మా మామ్మదే. మా అయ్యకు నడుం పట్టేసినా, మా అమ్మకు కడుపులో పోటు వచ్చినా, ఆఖరికి కొబ్బరి దింపే మనిషి కాలు బెణికినా, టెక్కలి వెళ్ళి డాక్టరు ముందు బల్లమీద కూర్చునేది రోగి, మాట్లాడేది మా మామ్మ. ఎక్కడ నొప్పో, ఎన్నాళ్ళనించో, ఏం తింటే ఎక్కువవుతుందో అన్నీ ఆమే చెప్పేది. రోగి పని నోరు మూసుకుని తల ఊపడం. ఇది మా ఇంటి ఆచారమని అప్పట్లో అనుకునేదాన్ని. పెద్దయ్యాక చూస్తే మా ఉద్దానంలో చాలా ఇళ్ళల్లో ఇంతే, ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో.

మా మామ్మను తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. చిన్న వయసులోనే భర్త పోతే, చంటివాడైన మా అయ్యను చంకలో వేసుకుని, ఇసుక నేలలో జీడితోట పెంచి నిలబడ్డ మనిషి ఆమె. తోటలో పిక్కలు ఏరేది, కాల్చేది, కొట్టి పప్పు తీసేది. జీడిపిక్క తొక్కలో నల్లటి చమురుంటుంది. ఒంటికి తగిలితే చర్మం ఊడి వస్తుంది. దానికి భయపడి అందరూ చేతులకు బూడిద రాసుకుని పని చేస్తే, మా మామ్మ చేతులు ఎప్పుడో మొద్దుబారిపోయి, అరచేతులు బొగ్గులా ఉండేవి. ఆ చేతులతోనే నాకు తల దువ్వేది, అన్నం కలిపి పెట్టేది. నేనంటే ఆమెకు ప్రాణం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక చెప్పబోయేదంతా విన్నాక మీరు నమ్మకపోవచ్చు.

నేను మూడో తరగతో నాలుగో తరగతో చదువుతున్న రోజుల్లో నాకు కాలు నొప్పి మొదలైంది. కాలంటే కాలు కాదు, కాలు ఒంటికి అతుక్కునే చోట, గజ్జలో. పడుకుంటే సలిపేది. లేచి నిలబడితే పోటు. నడిస్తే లోపలెక్కడో ఎముకను ఎముక కొరుకుతున్నట్టుండేది. మొదట అమ్మకు చెప్పాను. ఎక్కడే అంది. చెయ్యి పెట్టి చూపించాను. అమ్మ నొప్పి సంగతి అడగలేదు, ముందు నా చెయ్యి లాగేసింది. "అక్కడ సెయ్యెట్టకే, ఎవులైనా సూత్తే ఏటనుకుంతారు" అంది. అమ్మ కంగారుగా వాకిలి వైపు చూసిన ఆ చూపు నాకింకా గుర్తుంది. ఏదో తప్పు చేశానని నాకు అర్థమైంది. నొప్పి రావడం తప్పా, చూపించడం తప్పా అన్నది అర్థం కాలేదు.

సంగతి మామ్మ దాకా వెళ్ళింది. ఆముదం రాసింది, వామాకు వెచ్చజేసి గుడ్డలో కట్టి కాపడం పెట్టింది, అదీ తలుపు గడియ వేసి. తగ్గలేదు. నేను కుంటడం మొదలుపెట్టాక ఇక దాచడానికి లేకపోయింది. కోటబొమ్మాళి సంతకి వెళ్ళొచ్చిన మా అయ్య, నేను వీధిలో కుంటుతూ నడవడం చూసి, పిల్లగుంటని టెక్కలి తీసుకెళ్దామన్నాడు. మామ్మ సరేనంది. ఆ సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచింది.

అక్కడ చెప్పిన మాటలు ఆమె గొంతుతో సహా నా చెవిలో ఉన్నాయి. "డాట్రు బాబు అడిగితే మోకాలని సెప్పు. ఆడగుంటవి, ఆ సోటు ఊసెత్తకు. రేపు నీకు పెళ్ళి కావాలా వద్దా?" అంది. మరి మందు మోకాలుకిస్తాడు కదా మామ్మా అన్నాను. చిన్నదాన్నే గాని ఆ మాత్రం తెలివి ఉండేది. మామ్మ నవ్వింది. "మాత్ర కడుపులోకెల్లాక నొప్పెక్కడుంటే అక్కడికే పోతాది. దానికి నువ్వు దారి సూపించక్కర్నేదు. నానెరగనా? నాకెన్నిసార్లు తగ్గనేదు?" అంది.

అంటే ఆమె కూడా ఎప్పుడూ నిజం చెప్పలేదన్నమాట. ఎక్కడ నొప్పి వచ్చినా మర్యాదైన చోటుకు దాన్ని మార్చి చెప్పి, మందు తెచ్చుకుని మింగేదన్నమాట. కొన్నిటికి తగ్గి ఉంటుంది. తగ్గనివి ఓర్చుకుని ఉంటుంది. ఇదంతా ఇప్పటి ఆలోచన. అప్పుడు మాత్రం మా మామ్మకు తెలియనిది లేదనుకున్నాను, నా భయం సగం తీరిపోయింది.

కానీ మామ్మకు ఇంకో అనుమానం వచ్చింది. మోకాలు చూస్తే శుభ్రంగా ఉంది, వాపు లేదు, కమిలింది లేదు. కంటికి కనబడని నొప్పిని డాక్టరు నమ్మడు, సూది వెయ్యడు, రంగునీళ్ళిచ్చి పంపేస్తాడు. అందుకని పచ్చి జీడిపిక్క ఒకటి తెచ్చి, కత్తితో చీల్చి, వేపపుల్ల ఆ చమురులో అద్ది, ఏ నొప్పీ లేని నా మోకాలు మీద రాసింది. ఒకసారి కాదు, ఆరాక మళ్ళీ రాసింది. మొదట ఏమీ అనిపించలేదు. కాసేపటికి దురద, తరవాత మంట. నేను ఏడుస్తుంటే మామ్మ నా కాలు వదలకుండా గట్టిగా పట్టుకునే, మోకాలు మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నేను చూసి ఉండకపోతే బాగుండేది. రాక్షసి అని ఒక్కమాటలో తిట్టుకుని మర్చిపోయేదాన్ని.

రెండు రోజులకు మోకాలు పొంగి, బొబ్బలెక్కి, నల్లగా తయారైంది. మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇక బయలుదేరదామంది. ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కణ్ణించి బస్సులో టెక్కలి. బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా గజ్జలో ప్రాణం పోయేది. మోకాలు పట్టుకో అని మామ్మ చెవిలో చెప్పింది. మోకాలు పట్టుకునే ఏడ్చాను.

టెక్కలి డాక్టరు చెడ్డవాడేం కాదు. గది నిండా జనం, గుమ్మం బయట ఇంకా జనం. అయినా ఆ రోజు ఎందుకో మామ్మ నోరు విప్పేలోగా ఆయన నన్నే అడిగాడు. "ఎలా ఉందమ్మా నొప్పి? మంటగా ఉందా, పొడుస్తున్నట్టుందా, లాగుతోందా?" అన్నాడు. నా నొప్పి ఎలా ఉంటుందో పుట్టి బుద్ధెరిగాక నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. నా దగ్గర అప్పుడు రెండు నొప్పులున్నాయి. దేవుడిచ్చినది ఒకటి, మామ్మ ఇచ్చినది ఒకటి. ఆయన చూపు మోకాలు మీద ఉంది, మామ్మ చూపు నా మీద ఉంది. "మండతంది" అన్నాను. అది అబద్ధం కాదు, మోకాలు నిజంగానే మండిపోతోంది.

ఆయన వంగి చూసి, ఇది జీడి కాలిన పుండని వెంటనే పోల్చేశాడు. మా వైపు డాక్టరు ఆ మాత్రం పోల్చకపోతే ఎలా? పిల్ల పిక్కలతో ఆడుకుని ఉంటుందని మా అయ్యతో అన్నాడు. పుండు కడిగి, పూత రాసి, తెల్లటి కట్టు కట్టి, సూది వేశాడు. కుంటుతోంది బాబూ అని అయ్య అంటే, మోకాలు కాలితే కుంటక ఏం చేస్తుందయ్యా, పుండు మానితే అదే పోతుందన్నాడు. అంతకు ముందునించే కుంటుతోంది కదా అని అయ్య నసిగితే, చమురు అప్పుడే తగిలింది, బొబ్బ ఇప్పుడు లేచిందని మామ్మ సర్దేసింది. సూది వేసినందుకు మామ్మకు ఎంతో తృప్తి. తిరిగి వచ్చేటప్పుడు బజారులో నాకు జంతికలు కొనిపెట్టింది. సూదిమందు ఈపాటికి గజ్జలోకి చేరి ఉంటుందని బస్సులో మెల్లిగా చెప్పింది. నేను కూడా అది దారి పట్టి వెళ్తోందని, ఒంట్లో ఎక్కడుందో తెలుస్తుందేమోనని కళ్ళు మూసుకుని చూసుకున్నాను.

మోకాలు మానిపోయింది. నాకు అసలు కష్టం అప్పుడు మొదలైంది. పుండు ఉన్నన్నాళ్ళూ నేను కుంటడానికి ఒక కారణం ఉండేది. పుండు పోయాక కుంటితే అది నాటకం. "మానిపోయింది కదే, ఇంకేటి కుంటతన్నావ్? బడి ఎగ్గొట్టడానికా?" అని మా అయ్య మొదట నవ్వుతూనే అన్నాడు, తరవాత తిడుతూ అన్నాడు. బడిలో పిల్లలు నా వెనకే వరసకట్టి కుంటేవారు. మాస్టారు నవ్వాపుకోలేక అటు తిరిగేవారు. వేసవిలో జీడితోటకి పిక్కలు ఏరడానికి అందరితో పాటు నన్నూ తోలాడు అయ్య. వంగి ఏరలేక చెట్టు కింద కూలబడితే, చింతబరికె తీసుకుని అదే కాలు మీద వాయించాడు. లేచి నడవమన్నాడు. నడిచాను.

అయ్యకు నిజం తెలియదు. ఆయన కోపంలో ఉన్నది తెలియనితనం, అంతే. అమ్మకు తెలుసు గాని అత్తను దాటి అయ్యకు చెప్పే ధైర్యం లేదు. మా మామ్మకు తెలుసు, చెప్పే పెత్తనమూ ఉంది. నన్ను కొడుతున్నప్పుడు ఆమె పది అడుగుల దూరంలో కూర్చుని పిక్కలు కొడుతోంది. నేను ఆమె వైపు చూశాను. ఒక్కమాట, కొట్టకురా, దానికి నిజంగా నొప్పేరా అని ఒక్కమాట అంటుందని చూశాను. ఆమె తల దించుకుని పిక్కలు కొడుతూనే ఉంది. జీడి రాసినందుకు ఆమెను ఎప్పుడో క్షమించాను. దీన్ని మాత్రం క్షమించలేదు, ఇప్పుడు కూడా లేదు.

తొలకరి వానలు పడేసరికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. కాలు మడత పడిపోయి, ఎవరు లాగినా చాపుకోలేకపోయాను. ముట్టుకుంటే అరుపులు. అప్పుడు అయ్యకు భయం పట్టుకుంది. నన్ను భుజాన వేసుకుని, పలాసలో రైలెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. మామ్మ వెంట వచ్చింది. రైల్లో నా తల ఒళ్ళో పెట్టుకుని, జ్వరంలో ఉన్న నాకు మళ్ళీ అదే చెప్పింది. మోకాలని సెప్పు.

ఆడవాళ్ళ వార్డు కాబట్టి అయ్యను బయటే ఉంచేశారు. మంచం పక్కన కింద మామ్మ కూర్చుంది. వచ్చినావిడ లావుపాటి డాక్టరమ్మ, నెరిసిన జుట్టు, విసుగు మొహం. ఎక్కడే నొప్పి అంది. మోకాలన్నాను. ఆవిడ జీడి మచ్చ చూసింది. మోకాలు వంచింది, నొక్కింది. నేను కిక్కురుమనలేదు. కాలు కదిపితే మాత్రం కేకపెట్టాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ మోకాలే అన్నాను. ఆవిడ నా మొహం చూసింది, కింద కూర్చున్న మామ్మ మొహం చూసింది. మామ్మను బయటికి పంపిస్తుందేమో అనుకున్నాను. పంపలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, విసుగంతా ఎక్కడ పెట్టిందో గాని, ఆటకు పిలిచినట్టు పిలిచింది. "సరే, మోకాలు సంగతి వదిలెయ్. నీకు నొప్పి లేని చోట్లన్నీ నాకు చూపించు. ఒక్కటీ వదలకూడదు. వదిలితే ఓడిపోయినట్టు" అంది.

నొప్పి ఉన్న చోటు చెప్పొద్దంది మామ్మ. లేని చోట్లు చెప్పొద్దనలేదు. నాకు ఒక్కసారిగా ఊపిరాడినట్టయింది. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఇక్కడ లేదన్నాను. ముక్కు, చెవులు, మెడ, మోచేతులు, ఒక్కో వేలు. పొట్ట దగ్గర డాక్టరమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. మంచి కాలంతా పైనించి పాదం దాకా చూపించాను. తరవాత రెండో కాలు పాదం, చీలమండ, పిక్క. ఆట ఊపులో మోకాలు మీద కూడా చెయ్యి వేసి ఇక్కడా లేదనేశాను. అని, మామ్మ వైపు చూశాను. ఆమె మొహంలో రక్తం లేదు. నా చెయ్యి తొడ మీద కొంత దూరం పాకి, ఆగిపోయింది.

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. దుప్పటి నా మెడ దాకా కప్పి, తన చెయ్యి దుప్పటి కిందికి పోనిచ్చి, నా చెయ్యి ఆగిన చోటికి పైన నొక్కింది. నేను పెట్టిన కేకకి వార్డంతా లేచి కూర్చుంది. ఆ కేకలో నొప్పితో పాటు సంతోషం కూడా ఉందంటే మీరు నమ్ముతారా? నేను చెప్పకుండానే ఒక మనిషికి తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ నాటకమన్నది నాటకం కాదని ఒకరికి తెలిసింది.

తుంటి కీలులో చీము పట్టి, ఎముకను చాలావరకు తినేసిందట. డాక్టరమ్మ మామ్మ వైపు తిరిగి మోకాలు మీద ఆ మచ్చ ఏమిటని అడిగింది. మామ్మ దాచలేదు, అంతా చెప్పింది, మాత్ర తన దారి తాను పోతుందన్న మాటతో సహా. డాక్టరమ్మ అరిచి ఉంటే బాగుండేది. మెల్లిగా, అందరూ వింటుండగా అంది. "మందుకి కళ్ళుండవు ముసలమ్మా. మాకు చూపిస్తేనే మేం చూడగలం. జీడి రాసినరోజే నిజం చెప్పి ఉంటే ఈ పిల్ల నీ పెరట్లో పరిగెత్తేది. ఇక పరిగెత్తదు." ఆ మాట నేనూ విన్నాను. పరిగెత్తను అన్న సంగతి నాకు తెలిసింది అలాగే, ఆమెకు వేసిన శిక్షలో భాగంగా.

ఆపరేషను చేసి, చీము తీసి, నెలల తరబడి పిండికట్టులో ఉంచారు. ప్రాణం దక్కింది. కాలు కురచైంది. కట్టు తుంటికి ఉండటం చూసి మా అయ్యకు సంగతి తెలిసింది. తన కుడి అరచెయ్యి చాలాసేపు చూసుకున్నాడు. ఆ తరవాత ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు, నా మొహంలోకి చూసి మాట్లాడనూ లేదు.

మరి మామ్మ మారిందా అంటే, ఊరికి వచ్చాక ఎవరడిగినా ఒకటే చెప్పింది. "మోకాలు ఆపరేషను." చుట్టాలకీ అదే, బడిలో మాస్టారికీ అదే, నా పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళకీ అదే. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, దారినపోయేవాళ్ళు చూస్తుండగా, నువ్వులనూనె వెచ్చజేసి నా మోకాలుకి మర్దనా చేసేది, ఏ జబ్బూ లేని మోకాలుకి. చేస్తూ చేస్తూ ఒక్కోసారి వెక్కి ఏడ్చేది. నేను కాలు లాక్కునేదాన్ని కాదు. లాక్కుంటే ఆమె చచ్చిపోతుందనిపించేది. నా తుంటి మీది కోత సంగతి పెళ్ళయ్యాక మా ఆయనకే తెలిసింది. ఆయన కోత చూసి, "మరి మోకాలన్నారు గదే" అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనలేదు, మంచి మనిషి.

మామ్మ పోయింది, అయ్య, అమ్మ పోయారు, మా ఆయనా పోయాడు. నేను అరవై దాటాను. ఇన్నేళ్ళలో మా చుట్టుపక్కల ఎందరు ఆడపిల్లలకు చెప్పానో లెక్కలేదు. డాక్టరు దగ్గర సిగ్గుపడకండి, మొగవాళ్ళను బయటికి పొమ్మనండి, నోటితో చెప్పలేకపోతే నొప్పి లేని చోట్లు చూపించండి అని. మా కోడలి కాన్పప్పుడు, కూతురి బదులు తనే జవాబులు చెప్పబోయిన వియ్యపురాలిని గది బయటికి నెట్టినంత పనిచేశాను. ఈ విషయంలో నన్ను మించిన గయ్యాళి లేదని మా వాళ్ళందరూ ఏడిపిస్తారు. నిజమేననుకున్నాను, పోయిన వారం దాకా.

పోయిన వారం పలాసలో డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్ళాను. కుర్రాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. నా కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగాడు ఆ అబ్బాయి. నా నోరు నన్ను అడగకుండానే, "నడుం బాబూ" అంది. చెప్పానని తెలిసేసరికి ఆయన రాసేస్తున్నాడు. నడుముకి ఫొటో తీశారు. మాత్రలిచ్చారు. బెల్టు కట్టుకోమన్నారు. మా అబ్బాయి పాపం శ్రద్ధగా తనే కొని తెచ్చి, ఎలా కట్టుకోవాలో చూపించాడు. కట్టుకున్నాను.

నొప్పి నడుంలో లేదు. పొత్తికడుపు అడుగున ఉంది. ముట్లుడిగి ఇన్నేళ్ళయ్యాక, కొన్ని నెలలుగా మళ్ళీ రక్తం కనబడుతోంది. ఈ సంగతి కొడుక్కీ తెలీదు, కోడలికీ తెలీదు. మొదట చెబుతున్నది మీకే. రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి తేలిగ్గా రాసేస్తాననుకున్నాను. ఆ ఒక్క వాక్యం దగ్గరే ఈ పొద్దంతా గడిచిపోయింది.

సోమవారం మళ్ళీ వెళ్తాను. కొడుకుని బయటే ఉండమంటాను. ఏం చెప్పాలో నాకు తెలుసు, ఎలా చెప్పాలో కూడా ఒక డాక్టరమ్మ ఎప్పుడో నేర్పింది. మామ్మ నేర్పింది కూడా ఒంట్లోనే ఉంది, దానికి ఆలోచనతో పని లేదు, అడగ్గానే వచ్చేస్తుంది. రోగమంటే భయం లేదని అనను. కానీ బల్లమీద కూర్చున్నాక నా నోరు ఏమంటుందో అని, దానికే ఎక్కువ భయపడుతున్నాను.